సెట్టింగులు తెరచుకొననప్పుడు

నాచారములో మా యింటికి నాలుగిండ్ల యవతల ఒక వృద్ధురాలు కలదు. వీధివారమందరము ఆమెను పెద్దమ్మ యని పిలుచుచుందుము. ఆమె భర్త నాచారము పారిశ్రామికవాడలో చిరకాలము పనిచేసి, పని విరమించిన కొలదికాలమునకే పరమపదించెను. ఈ నడుమ నొక సాయంకాలమున ఆమె తన సెల్‌ఫోనును కొంగున ముడివేసికొని మా యింటికి వచ్చినది.

"బిడ్డా, అక్షరములు కొంచెము పెద్దవి చేసికొందమని సెట్టింగులు ముట్టుకొంటిని. అది తెరచుకొనినట్లే తెరచుకొని మూసికొనిపోవుచున్నది. ఉప్పల్ చౌరస్తాలో ఒక దుకాణమున చూపితిని. అంతయు తుడిచివేసి క్రొత్తదానివలె చేసి యిచ్చెదను, పది నిమిషముల పని యని అక్కడి పిల్లవాడు చెప్పినాడు. తుడిచినచో ఏమి పోవునని అడిగితిని. ఉన్నవన్నియు పోవును, ఫోను మాత్రము బాగుపడును అనినాడు. తిరిగి తీసికొని వచ్చితిని" అని చెప్పి, కొంచెము సేపు ఊరకుండి, "దీనిలో మీ పెద్దనాయన మాటలున్నవి" అనినది.

ఆమె చెప్పినది ఆయన బ్రతికియుండగా వాట్సాపులో తన గొంతుతో పంపిన చిన్న చిన్న మాటలను గూర్చి. వానిలో గొప్ప సంగతు లేవియు లేవు. బియ్యము తెచ్చుచున్నాను, గేటు తీసియుంచుమని ఒకటి. బస్సు దొరకలేదు, నీవు భోజనము చేయుమని మరియొకటి. అన్నియు ఇట్టివే. కాని ఆ గొంతు మరియెచ్చటను లేదు. పది నిమిషములలో బాగుపడు ఫోను ఒకవంక, పోయినచో మరల రాని గొంతు ఒకవంక. నేటి నా ప్రసంగమునకు ఇదియే ప్రస్తావన. సెట్టింగులు మూసికొనిపోవుచున్న ఫోనునకు చికిత్స కలదు. ఆ చికిత్సకు మెట్లు కలవు. తుడిచివేయుట వానిలో కట్టకడపటి మెట్టు. ఎలుకమీది కోపముతో ఇల్లు తగులబెట్టుకొనరాదని మన పెద్దలు ఊరక చెప్పలేదు.

ముందుగా ఈ సెట్టింగులనగా నేమో తెలిసికొందము. మన పేటలలో చాలమంది చేతులలో నున్నది ఆండ్రాయిడ్ జాతి ఫోను. ఈ జాతి తొలి ఫోను 2008వ సంవత్సరమున అంగడికి వచ్చినది. దానిలో ఫోటోలు చూపునది ఒక యాప్, పాటలు వినిపించునది ఒక యాప్, డబ్బు పంపునది ఒక యాప్. సెట్టింగులును అట్టి యాప్‌లలో ఒకటియే. తెర వెలుగు, గంట మ్రోత, వైఫై, అక్షరముల పరిమాణము, తాళము, ఇవన్నియు మార్చుకొను తావు అది. పైకి చూచువారికి అదియే ఫోనునకంతకు యజమానివలె కనబడును. నిజమునకు అది కచేరీలో కిటికీ యొద్ద కూర్చుండు గుమాస్తా వంటిది. మన కోరికను విని లోపలి గదిలోని చిట్టాలో వ్రాయించును. చిట్టాలో నున్నదానిని మనకు చదివి చెప్పును. ఆ చిట్టాను కాపాడు ప్రోగ్రాము వేరు. ఫోటోలును, ఉత్తరములును, మాటలును ఉండు గదులు ఇంకను వేరు.

ఆండ్రాయిడ్‌లో ప్రతి యాప్‌నకును ప్రత్యేకముగా నొక గది కేటాయింపబడియుండును. ఒక గదిలోనిది తడబడి పడిపోయినను సాధారణముగా ఇరుగుపొరుగు గదులు కూలవు. కావుననే పెద్దమ్మ ఫోనులో సెట్టింగులు మూసికొనిపోవుచున్నను, వచ్చిన పిలుపులకు పలుకవచ్చును, ఫోటోలు చూడవచ్చును, వాట్సాపు నడుచుచున్నది. కిటికీ యొద్ద గుమాస్తా మూర్ఛపోయినంత మాత్రమున కచేరీలోని దస్త్రములు కాలిపోయినట్లు కాదు. ఈ యొక్క సంగతి మనసున నిలిచినచో సగము భయము తీరును.

ఇక గుమాస్తా ఏల మూర్ఛపోవును? దీనిని క్రాష్ అని చెప్పుకొనుచున్నాము. యంత్రము విరిగినదని దీని యర్థము కాదు. ప్రోగ్రాము తనకు వ్రాసియిచ్చిన ఆజ్ఞలను వరుసగా నెరవేర్చుకొనుచు పోవును. నెరవేర్చుటకు వీలులేని ఆజ్ఞ ఒకటి ఎదురై, అప్పుడేమి చేయవలెనో ముందుగా వ్రాసియుండనిచో, అది అంతటితో నిలిచిపోవును. దీనికొక నిదర్శనము చెప్పెదను. 2020వ సంవత్సరము మే నెల కడపట లోకములో కొందరి ఫోనులు ఒక చక్కని చిత్రమువలన మూలబడినవి. అమెరికాలోని గ్లేసియర్ జాతీయవనములో ఒక సరస్సును తీసిన ఫోటో అది. దానిని తెరకు అలంకారముగా పెట్టుకొనగనే ఆండ్రాయిడ్ 10తో నడుచు కొన్ని ఫోనులు ఆరుచు, వెలుగుచు, మరల మరల మొదటికి వచ్చుచుండెను. కారణమేమి? చిత్రములోని ప్రతి చుక్క వెలుగును 0 మొదలు 255 వరకు నొక అంకెగా లెక్కించు భాగమొకటి అందులో కలదు. దాని కొరకు 256 కుండలు వరుసగా పెట్టియున్నవనుకొనుడు. తొలి కుండ అంకె 0. తుది కుండ అంకె 255. ఆ చిత్రమునందలి రంగుల కొలత వేరు రకమగుటచేత, ఒక చుక్క లెక్క 255ను దాటినది. అంతకుమించిన అంకె గల కుండ లేదు. లేని కుండలో నీరు పోయుమనినచో పనివాడేమి చేయగలడు? కూలబడినాడు.

మన తెలుగక్షరమునకే యొక పర్యాయము ఈ అపకీర్తి వచ్చినది. 2018వ సంవత్సరము ఫిబ్రవరి నెలలో ఐఫోనులకు "జ్ఞా" అను అక్షరము పంపినచో అవి మూసికొనిపోవుచున్నవని దేశదేశముల వార్త పుట్టినది. జకారము, దానికి పొల్లు, ఞకారము, పిమ్మట కంటికి కానరాని యొక విడదీయు గుర్తు, ఆ పిమ్మట దీర్ఘము, ఈ వరుసలో వచ్చినప్పుడు అక్షరమును తెరపై కట్టిచూపు భాగము తడబడి, ఆ సందేశమును చూపబోయిన యాప్‌ను పడగొట్టుచుండెను. మనము దినదినము వ్రాయు జ్ఞానము అను మాటలో ఆ కానరాని గుర్తు ఉండదు గనుక దానివలన ఎవరికిని బాధ కలుగలేదు. ఆ నెల 19వ తేదీన ఆపిల్ కంపెనీ 11.2.6 సంఖ్య గల సవరణను విడుదల చేసినది. దానిని వేసికొనినవారి బాధ తీరినది. తప్పు అక్షరమునందు లేదు. దానిని కట్టిన విధమునందున్నది.

ఈ రెండు ఉదాహరణములను చెప్పుటలో నా యుద్దేశమిది: ఇంత పెద్ద చప్పుడునకు కారణము ఒక చుక్కయో, ఒక గుర్తో కావచ్చును. కారణము చిన్నదైనప్పుడు దానిని వెదకి తీసివేయుటయే వైద్యము. మా ఇండ్లకు చేరువలోనే, ఉప్పల్ రోడ్డుమీద, 1961లో ఏర్పడిన జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ కలదు. అచ్చటి శాస్త్రజ్ఞులు భూగర్భములో నేమున్నదో తెలిసికొనుటకు భూమినంతను తవ్విపోయరు. కంపనములను కొలిచి, లోపలి సంగతిని పైనుండియే కనుగొందురు. ఫోను విషయములోను మనకు కావలసినది ఈ పద్ధతియే. మొదట వినుట, పిమ్మట తాకుట, తవ్వుట చివరకు.

ఇక పెద్దమ్మ ఫోనునకు ఏమి చేసితిమో వరుసగా చెప్పెదను. మీ ఫోనులో పేర్లు కొంచెము మారవచ్చును గాని వరుస మాత్రము ఇదియే.

వైద్యమునకు పూర్వము చేయవలసినది, పోగూడని దానిని పదిలపరచుట. వాట్సాపు నడుచుచునే యున్నది గదా. ఆయన మాటలను ఒక్కొక్కటిగా ఎంచి, వరంగల్లులో నున్న ఆమె కుమార్తె ఫోనునకు పంపితిమి. ఫోటోలును అట్లే పంపితిమి. అన్నియు చేరినవి, వినబడుచున్నవని కుమార్తె చెప్పిన తరువాతనే తక్కిన పనికి పూనుకొంటిని. ఈ పనికి గంటన్నర పట్టినది. వైద్యమునకు పట్టిన కాలము ఇంతకంటె తక్కువ.

రెండవది ప్రశ్న. ఎప్పటినుండి ఇట్లున్నది? ఏ పుట తెరచినప్పుడు మూసికొనుచున్నది? అంతకుముందు ఫోనులో క్రొత్తగా చేర్చినదేమి? వైద్యుడు నాడి చూచుటకు ముందు అడుగు ప్రశ్నలవంటివే ఇవి. పెద్దమ్మ ఆలోచించి, "పండుగకు మనుమరాలు వచ్చినప్పుడు తెరమీద దీపములు, పూలు వచ్చునట్లు ఏదో పెట్టినది. అటుపిమ్మటనే యనుకొందును" అనినది. నేను దానిని మనసున పెట్టుకొంటిని గాని వెంటనే తీర్పు చెప్పలేదు.

మూడవది ఫోనును ఆర్పి మరల వెలిగించుట. ఇది విని నవ్వకుడు. ప్రోగ్రాములు జ్ఞాపకములో పోగుచేసికొనిన చిక్కులు ఇందువలన విడిపోవును. చాలమంది బాధ ఇంతటితోనే తీరును. పెద్దమ్మ ఫోనునకు తీరలేదు.

నాలుగవది చోటు. ఫోనులోని నిల్వస్థానము నిండిపోయినచో, ఏ యాప్‌నకైనను తన పనికి కావలసిన చిన్న కాగితము వ్రాసికొనుటకు సైతము తావు దొరకదు. అప్పుడది తడబడును. పెద్దమ్మ ఫోనులో చుట్టాలు, స్నేహితురాండ్రు పంపిన శుభోదయపు గులాబీలు వందలకొలది యుండెను. వానిని తొలగించుటకు సెట్టింగులతో పనిలేదు. ఫైళ్ల యాప్‌నుండి తొలగింపవచ్చును. ఆమె అనుమతితో గులాబీలను తీసివేసితిమి. చోటు మిగిలినది గాని సెట్టింగులు తెరచుకొనలేదు.

అయిదవది సవరణలు. ప్లే స్టోరు తెరచి, యాప్‌లకు వచ్చిన క్రొత్త సవరణలను వేసికొనవలెను. ఒక్కొక్కప్పుడు సవరణయే రోగమగుటయు కలదు. 2021వ సంవత్సరము మార్చి 22వ తేదీన వెబ్‌వ్యూ అను భాగమునకు వచ్చిన దోషము వలన లోకమంతట ఆండ్రాయిడ్ ఫోనులలో పెక్కు యాప్‌లు వరుసగా మూసికొనిపోయినవి. తమ ఫోనే చెడినదని ఎందరో కంగారుపడిరి. గూగుల్ సంస్థ మరల సరియైన సవరణను పంపగా, దానిని వేసికొనినవారి యాప్‌లు యథాప్రకారము నడచినవి. అట్టి దినమున ఫోనును తుడిచివేసికొనినవానికి పోయినది తన సొత్తు మాత్రమే. కావున హఠాత్తుగా జబ్బు వచ్చినప్పుడు ఇరుగుపొరుగువారి ఫోనులును అట్లే యున్నవేమో అడిగి చూడుడు. అందరికి వచ్చినదైనచో ఒకటి రెండు దినములు ఓర్చుకొనుటయే మంచి మందు. నిదానమే ప్రధానము. పెద్దమ్మ ఫోనులో సవరణలన్నియు వేసితిమి. గుణము కనబడలేదు.

ఆరవది సేఫ్ మోడ్. ఇది చాలమందికి తెలియని మంచి పరీక్ష. పెక్కు ఫోనులలో ప్రక్కనున్న బటనును నొక్కిపట్టగా, ఆర్పివేయుమను మాట తెరమీదికి వచ్చును. ఆ మాటమీద వ్రేలు అదిమి యుంచినచో, సేఫ్ మోడ్‌లో వెలిగింపవలెనా యని ఫోను అడుగును. ఔనన్నచో, ఫోనుతోపాటు వచ్చిన యాప్‌లు మాత్రమే మేలుకొనును. మనము తెచ్చి చేర్చినవన్నియు నిద్రపోవును. ఇంటిలో వస్తువు కనబడనప్పుడు అతిథులనందరను కొంచెముసేపు అరుగుమీద కూర్చుండబెట్టి వెదకుటవంటిది ఇది. ఈ స్థితిలో వాట్సాపు కూడ కానరాకపోవచ్చును. పెద్దమ్మ దానిని చూచి ఉలిక్కిపడినది. అది నిద్రయే గాని మరణము కాదు. ఫోనును మామూలుగా వెలిగించినప్పుడు ఎప్పటివలె వచ్చును అని చెప్పి ఊరడించితిని.

సేఫ్ మోడ్‌లో సెట్టింగులు ముట్టుకొంటిమి. చక్కగా తెరచుకొనినది, అక్షరముల పుట కూడ తెరచుకొనినది. దోషము ఫోనునందు లేదు, చేర్చిన యాప్‌లలో నొకదానియందున్నదని తేలినది. మనుమరాలు పెట్టిన అలంకారపు యాప్‌ను తొలగించి, ఫోనును మామూలుగా వెలిగించితిమి. సెట్టింగులు నిలిచినవి. వాట్సాపు తిరిగి వచ్చినది. ఇట్టి యాప్‌ను ప్లే స్టోరునుండి కూడ తొలగింపవచ్చును గనుక, సెట్టింగులు తెరచుకొననివారికిని ఈ మార్గము మూసియుండదు.

పెద్దమ్మ కథ ఇంతటితో సుఖాంతమైనది. కాని సేఫ్ మోడ్‌లో సైతము సెట్టింగులు పడిపోవుచున్నచో ఏమి చేయవలెను? అప్పుడు ఆ యాప్ దాచుకొనిన క్యాష్‌ను తొలగించి చూడవలెను. క్యాష్ అనగా గుమాస్తా తన సౌకర్యమునకై చిట్టాలోని సంగతులను వ్రాసికొనిన తుండుకాగితములు. చిట్టా మారి, తుండుకాగితములు పాతవే మిగిలినచో తికమక కలుగును. వానిని పారవేసినను చిట్టాకు నష్టము లేదు, మీ ఫోటోలకు అంతకంటెను లేదు. ఇక్కడ ఒక చిక్కు కలదు. ఈ పని చేయు పుట సెట్టింగులలోనే యున్నది. తాళపుచెవిని పెట్టెలో పెట్టి మూత వేసినట్లైనది. అయినను పలుమార్లు సెట్టింగులలో ఒక్క పుట మాత్రమే చెడియుండును, తక్కినవి తెరచుకొనును. తెరమీది సెట్టింగుల బొమ్మపై వ్రేలు అదిమి యుంచినచో కొన్ని ఫోనులలో యాప్ సమాచారమను పుట నేరుగా వచ్చును. ముందు వాకిలి మూసియున్నప్పుడు ప్రక్క వాకిలి తట్టి చూచుట తప్పుకాదు.

దీనికిని లొంగనిచో రికవరీ అను వేరొక తావు కలదు. ఫోనును ఆర్పి, ధ్వని బటనును ప్రక్క బటనును కూడ నొక్కిపట్టి దానిలోనికి పోవుదురు. ఏయే బటనులో ఫోనును బట్టి మారును. అక్కడ కొన్ని ఫోనులలో వైప్ క్యాష్ పార్టిషన్ అను పంక్తి కనబడును. దానివలన మీ వస్తువులు పోవు. కాని దానికి ఆనుకొనియే వైప్ డేటా అను పంక్తి యుండును. అది అంతయు తుడిచివేయును. ఈ రెండు పంక్తుల నడుమ ఎడము ఒక్క వ్రేలి నొక్కు మాత్రమే. క్రొత్త ఫోనులు పెక్కింటిలో మొదటి పంక్తి లేనేలేదు, రెండవది మాత్రము కలదు. కావున ఆ తావునకు పోవువారు అద్దములు పెట్టుకొని, చదివి, మరల చదివి, పిమ్మట వ్రేలు కదపవలెను. అలవాటు లేనివారు అక్కడికి పోకుండుటయే మంచిది.

అన్నియు విఫలమైనప్పుడు తుడిచివేయుట తప్పదు. దానిని నేను నిషేధింపను. దాని వంతు వచ్చువరకు ఆగుమందును. దానికి ముందు మూడు సంగతులు చూచుకొనవలెను. మొదటిది, ఫోటోలు, పేర్లు, నంబర్లు, వాట్సాపు మాటలు వేరొకచోటికి చేరినవా? చేరినవని నమ్ముట చాలదు. అక్కడ తెరచి చూడవలెను. రెండవది, మెమొరీ కార్డు ఉన్నచో తీసి ప్రక్కన పెట్టవలెను. మూడవది, గూగుల్ ఖాతా పేరును, రహస్యపదమును తెలిసియుండవలెను. 2015లో వచ్చిన ఆండ్రాయిడ్ 5.1 మొదలుకొని, దొంగలకు ఉపయోగపడకుండుటకై, రికవరీనుండి తుడిచిన ఫోను పాత ఖాతా వివరములను అడుగును. అవి చెప్పలేనిచో యజమానికి సైతము తలుపు తెరువదు. మరియొక మాట. నేటి ఫోనులలో మన వస్తువులన్నియు రహస్యలిపిలో నుండును. తుడుచునప్పుడు ఆ లిపిని చదువు తాళపుచెవియే నశించును. పిమ్మట ఎంత నేర్పరియైనను, ఎంత సొమ్మిచ్చినను, వానిని తిరిగి తీయజాలడు.

ఆ దుకాణపు పిల్లవానిని నేను నిందింపను. అతని యెదుట పదిమంది నిలిచియుందురు. తుడిచివేయుట అతనికి త్వరగా ముగియు పని. చాలవరకు ఫలించు పని. పెద్దమ్మ ఫోనులో ఏమున్నదో అతనికి తెలియదు. అతనికి తెలియనిది చెప్పవలసినది మనము. ఫోను చేతికిచ్చునప్పుడు, నన్నడుగకుండ ఏమియు తుడువవద్దు, అని ఒక్క మాట ముందుగా చెప్పుడు. ఆ మాటకు వెల లేదు.

ఆ రాత్రి సెట్టింగులు తెరచి, అక్షరములు పెద్దవి చేసి చూపితిని. పెద్దమ్మ వానిని చూచి బాగున్నవనినది. పిమ్మట ఫోనును చెవి యొద్ద పెట్టుకొని, గేటు తీసియుంచుమను మాటను ఒకసారి విని, కొంగున ముడివేసికొని వెడలినది. మనుమరాలిని ఏమియు అనవద్దని వాకిట నిలిచి నాకు చెప్పి మరీ పోయినది.

సోదరీ సోదరులారా, మీ ఫోను నేడు చక్కగా నడుచుచున్నదేమో. నడుచుచున్న దినముననే చేయదగిన పని యొకటి కలదు. దానిలో మీకు మరల దొరకని దేదియో, అది తల్లిగారి గొంతైనను, బిడ్డ మొదటి అడుగైనను, వెదకి, వేరొకచోట ఇంకొక ప్రతి దాచుడు. జబ్బు వచ్చిన నాడు మీ చేయి వణకదు.

సెలవు.